మనిషి కనబడ్డాడు, మొహమే లేదు

పోయిన సంచికలో పాత సీసీ కెమెరాల గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది అడిగింది ఒకటే: "డిజిటల్‌కి మారితే నిజంగా లాభమా, లేక అమ్మేవాళ్ల మాటా?" నేనిప్పుడు ఏమీ అమ్మను. కెమెరాలు బిగించే పని 1991లో మొదలుపెట్టి, ఇరవై ఎనిమిదేళ్లు నిచ్చెనలు ఎక్కి దిగి, మోకాళ్లు అరిగాక మానేశాను. అందుకని మొహమాటం లేకుండా చెప్పగలను. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు, ఊర్లు తీసేశాను.

ప్రశ్న: మాది పదహారు ఇళ్ల అపార్ట్‌మెంట్. ఎనిమిది పాత కెమెరాలు, వాటి బొమ్మను దాచే ఒక డీవీఆర్ (డిజిటల్ వీడియో రికార్డర్) ఉన్నాయి. పదేళ్లయినా నిక్షేపంగా పనిచేస్తున్నాయి. కొత్త కమిటీ వచ్చి అన్నీ పీకేసి డిజిటల్ పెట్టాలంటోంది. బాగున్నవాటిని ఎందుకు మార్చాలి మాస్టారూ?

జవాబు: బాగున్నాయని ఎలా అనుకున్నారు? టీవీలో బొమ్మ వస్తోంది కాబట్టే కదా. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

నేను పెట్టిన కెమెరాల్లోనే జరిగిన సంగతి చెబుతాను. ఒక సెల్లార్లోంచి ఒకే రాత్రి రెండు బైకులు పోయాయి. నన్ను పిలిస్తే ధీమాగా వెళ్లాను. ప్లేబ్యాక్ పెట్టాం. రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ఒకడొచ్చాడు. తాపీగా నడిచాడు, వంగాడు, తాళం విరిచాడు, బండిని నడిపించుకుంటూ సరిగ్గా కెమెరా కిందనుంచే వెళ్లిపోయాడు. రెండో బండికి మళ్లీ వచ్చాడు కూడా. బండి యజమాని తెరకు ముక్కు ఆనించి చూశాడు. మనిషి ఉన్నాడు, గళ్ల చొక్కా ఉంది, కాస్త ఎడమకు ఒరిగే నడక ఉంది. మొహం ఉండాల్సిన చోట బూడిద రంగు ముద్ద ఉంది. "ఇదేనండీ మీరు పెట్టిన కెమెరా?" అన్నాడాయన. ఏం చెప్పను? అది పాడవలేదు. దాని చేతనైంది అంతే.

ఎందుకు అంతేనో ఒక లెక్కతో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. పాత అనలాగ్ కెమెరా నుంచి మామూలుగా డీవీఆర్‌లోకి చేరే బొమ్మ అడ్డంగా 704, నిలువుగా 576 చుక్కలు (పిక్సెళ్లు). మొత్తం 4 లక్షల చుక్కలు. మామూలు 1080పీ డిజిటల్ కెమెరాలో అడ్డంగా 1920, నిలువుగా 1080. అంటే 20 లక్షల పైచిలుకు, ఐదు రెట్లు. 4కె అయితే సుమారు 83 లక్షలు.

ఇప్పుడు మీ గేటు దగ్గరికి రండి. మనుషులు నడిచే చోట కెమెరాకు కనబడే వెడల్పు 6 మీటర్లు అనుకుందాం. పాత కెమెరా చుక్కలు 704ని ఆరుతో భాగిస్తే మీటరుకు 117. మనిషి మొహం వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు, కాబట్టి మొహానికి దక్కేది 19 చుక్కలు. పందొమ్మిది చుక్కలతో ఎవరి మొహం గీస్తాం? అదే చోట 1920 చుక్కల కెమెరా ఉంటే మీటరుకు 320, మొహానికి 51. సీసీ కెమెరాల కోసం ఈఎన్ 62676-4 అని ఒక యూరప్ ప్రమాణం 2015లో వచ్చింది. తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకు 125 చుక్కలు, ముక్కూమొహం తెలియని మనిషిని ఇతనే అని తేల్చడానికి 250 చుక్కలు కావాలంది. మీ పాత కెమెరా మొదటిదానికి కూడా కాస్త తక్కువే పడింది చూడండి. మీ వాచ్‌మన్‌ని మీరు గుర్తుపడతారు, నిజమే. అది అతని నడక వల్ల. మొహం వల్ల కాదు.

కమిటీతో గొడవ పడేముందు ఒక పని చేయండి. రాత్రి పదకొండు దాటాక ఎవరినైనా గేటు దగ్గరా, లిఫ్ట్ దగ్గరా, సెల్లార్ ర్యాంపు మీదా మామూలుగా నడవమనండి. మర్నాడు పొద్దున రికార్డింగ్ తీసి, అతన్ని ఎరగని మనిషికి చూపించండి. లైవ్ చూసి సంబరపడొద్దు. చాలా డీవీఆర్‌లలో లైవ్ బాగుంటుంది, హార్డ్‌డిస్క్ త్వరగా నిండకుండా రికార్డింగ్ మాత్రం 352 బై 288కి కుదించి పెట్టేసి ఉంటారు. అంటే ఉన్న నాలుగు లక్షల చుక్కల్లో పావు వంతే దాస్తున్నారన్నమాట. కెమెరాలు బిగించే మేమే ఆ పని చేసేవాళ్లం. అడిగితే తప్ప చెప్పేవాళ్లం కాదు.

ఇంత చెప్పాక కూడా, ఎనిమిదీ పీకెయ్యమని అనను. మొహం కావాల్సిన చోట్లు మీకు మూడో నాలుగో ఉంటాయి. అవి మార్చండి. మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరైనా ఎక్కారా లేదా తెలిస్తే చాలు, దానికి పాతది బ్రహ్మాండంగా సరిపోతుంది. రెండు రకాల్నీ కలిపి తీసుకునే హైబ్రిడ్ రికార్డర్లు దొరుకుతాయి.

ప్రశ్న: మా డీవీఆర్ పేరులోనే డిజిటల్ అని ఉంది. హార్డ్‌డిస్క్ ఉంది. ఫోన్లో చూసుకుంటున్నాం. మరి మాది డిజిటల్ కాదా?

జవాబు: ఉత్తరాల్లో ఎక్కువమంది తికమకపడ్డది ఇక్కడే. మీ డీవీఆర్ డిజిటలే. దానిదాకా వచ్చే దారి మాత్రం కాదు.

పాత కెమెరా బొమ్మను ఒక వోల్టు లోపల ఎగిరిపడే కరెంటు అలగా మార్చి, కేబుల్ టీవీకి వాడేలాంటి కోయాక్సియల్ కేబుల్లోకి తోస్తుంది. వెలుగైతే అల పైకి, చీకటైతే కిందికి. డీవీఆర్ దాన్ని అందుకుని, అప్పుడు అంకెలుగా మారుస్తుంది. ఈలోపు దారిలో ఏం జరిగినా బొమ్మలో కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేం. కేబుల్ పొడుగైతే ముందుగా పోయేది సన్నని వివరం: కనుబొమలు, జుట్టు, నంబరు ప్లేటు మీది అక్షరాల అంచులు. వాటిని మోసేది సిగ్నల్లోని హై ఫ్రీక్వెన్సీ భాగం. కేబుల్ ఎక్కువగా తినేసేది దాన్నే. కెమెరా దగ్గర ఎర్తింగ్ ఒకలా, డీవీఆర్ దగ్గర ఇంకోలా ఉంటే తెర మీద వెడల్పాటి అడ్డపట్టీలు మెల్లగా పాకుతుంటాయి. దాన్ని గ్రౌండ్ లూప్ అంటాం. ఆ పట్టీల కోసం ఎన్ని ఆదివారాలు పోగొట్టుకున్నానో! కేబుల్ కొనకుండే బీఎన్‌సీ కనెక్టర్లోకి వానచుక్క దిగి పచ్చగా చిలుము పడితే అదో తంతు.

ఐపీ కెమెరాలో, అంటే నెట్‌వర్క్ మీద నడిచే డిజిటల్ కెమెరాలో, ఆ అంకెలుగా మార్చే పని కెమెరా లోపలే అయిపోతుంది. బయటికొచ్చేది కరెంటు అల కాదు, లెక్కలు. అవి ల్యాన్ కేబుల్ మీద వచ్చి ఎన్‌వీఆర్‌లో (ఐపీ కెమెరాల రికార్డర్‌లో) ఉన్నవి ఉన్నట్టు చేరతాయి. దారిలో తేడా వస్తే బొమ్మ ఆగుతుంది, గళ్లుగళ్లుగా విరుగుతుంది. పొగమంచు పట్టినట్టు మసకబారడం మాత్రం ఉండదు. తెగిన కేబుల్‌ని పదినిమిషాల్లో పట్టుకోవచ్చు. ముసలిదవుతున్న కేబుల్‌ని పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే రోజూ చూసే కళ్లకు మసక అలవాటైపోతుంది.

టేపుల కాలంలో పనిచేసినవాణ్ని కాబట్టి ఇంకో మాట. మూడు గంటల వీహెచ్ఎస్ క్యాసెట్‌లో 24 గంటలు నింపేవాళ్లం. ఎలాగంటే, సెకనుకు 50 సార్లు రావాల్సిన బొమ్మను ఆరు సార్లకు తగ్గించి. అదే క్యాసెట్‌కి ఎనిమిది కెమెరాలు తగిలిస్తే ఒక్కో కెమెరాకు సెకనుకు ఒక బొమ్మ కూడా పడేది కాదు. మనిషి తలుపు దగ్గర ఉంటాడు, మరు బొమ్మలో కౌంటర్ దగ్గర ఉంటాడు, మధ్యలో ఏం చేశాడో దేవుడికే తెలియాలి. ఆ క్యాసెట్‌కి కాపీ తీస్తే ఇంకాస్త మసక. కాపీకి కాపీ తీస్తే బొమ్మ మీద మంచు కురిసేది. డిజిటల్ ఫైలు వందసార్లు కాపీ చేసినా మొదటిదానికీ వందోదానికీ తేడా ఉండదు. అలాగని మొదట్లోనే డిజిటల్ గొప్పగా ఏమీ లేదు. స్వీడన్‌లోని యాక్సిస్ కంపెనీ 1996లో నెట్‌ఐ 200 అని మొదటి నెట్‌వర్క్ కెమెరా తెచ్చింది. అది కదిలే వీడియో ఇవ్వలేకపోయేది, విడివిడి ఫొటోలు పంపేది. మా షాపులో అందరం నవ్వుకున్నాం, ఇదేం కెమెరా అని.

ప్రశ్న: అంకుల్, నేను ఇంటర్ చదువుతున్నాను. సినిమాల్లో జూమ్ చేస్తుంటే నంబరు ప్లేటు అంతకంతకూ స్పష్టంగా వస్తుంది కదా. మా ఇంటి కెమెరాలో ఎందుకు రాదు?

జవాబు: రాదు బాబూ. రికార్డయ్యాక జూమ్ చేస్తే చుక్కలు పెద్దవవుతాయి, కొత్తవి పుట్టవు. ఈమధ్య మొహాల్ని "శుభ్రం" చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అవి లేని వివరాన్ని ఊహించి పూరిస్తాయి. ఊహించిన మొహంతో మనిషిని పట్టుకుంటే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

నీ ప్రశ్నలో అసలు రుచి వేరే చోట ఉంది. పాత అనలాగ్ బొమ్మను ఒకేసారి తియ్యరు. బొమ్మను అడ్డగీతలుగా విడగొట్టి, ముందు బేసి గీతలు, సెకనులో 50వ వంతు తర్వాత సరి గీతలు తీసి రెండూ కలుపుతారు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. ఆ 50వ వంతులో 20 సెంటీమీటర్లు. అంటే ప్లేటు సగం గీతలు ఒకచోట, సగం గీతలు జానెడు దూరంలో. దువ్వెన పళ్లలా చీలిపోయిన ఆ అక్షరాలు ఎవరు చదువుతారు? డిజిటల్ కెమెరాలు మొత్తం బొమ్మను ఒకే ఫ్రేముగా తీస్తాయి కాబట్టి ఈ చీలిక ఉండదు. అయితే రాత్రిపూట వెలుగు చాలక షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే, ఎంత 4కె అయినా ప్లేటు తెల్లటి చారలా వస్తుంది. ఇంకొకటి, అంతే సైజు సెన్సర్ (వెలుగును పట్టే చిప్పు) మీద ఎక్కువ చుక్కలు ఇరికిస్తే ఒక్కో చుక్కకు అందే వెలుగు తగ్గుతుంది. చీకటి సందులో మంచి 2 మెగాపిక్సెల్ (20 లక్షల చుక్కల) కెమెరా నాసిరకం 8 మెగాపిక్సెల్ దాన్ని ఓడించడం నేను కళ్లారా చూశాను. డబ్బా మీది అంకె చూసి కొనొద్దని మీ నాన్నగారికి చెప్పు.

ప్రశ్న: బాబూ, నాకు డెబ్బై రెండేళ్లు. ఒక్కదాన్నే ఉంటాను. మా అబ్బాయి దూరదేశంలో ఉండి, గుమ్మం దగ్గర ఒకటి, హాల్లో ఒకటి కెమెరాలు పెట్టించాడు. ఫోన్లో నన్ను చూస్తూ ఉంటాడు. వాడు చూస్తే నాకు సంతోషమే. ఇంకెవరైనా చూస్తారేమోనని టెన్షన్‌గా ఉంటుంది. పాతవాటిలో ఈ భయం లేదు కదా?

జవాబు: లేదమ్మా. మీ భయం చాదస్తం కాదు. డీవీఆర్‌ను ఇంటర్నెట్‌కి తగిలించనంతవరకు, పాత కెమెరా బొమ్మ చూడాలంటే ఆ కేబుల్ దగ్గరికి మనిషి రావాలి. డిజిటల్ కెమెరా అంటే కన్ను ఉన్న చిన్న కంప్యూటర్. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ ఉన్న బెడద దానికీ ఉంటుంది.

2016లో మిరాయ్ అనే వైరస్ వచ్చింది. అది పెద్ద తెలివితేటలేమీ ఉపయోగించలేదు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఉండే పాస్‌వర్డులు, "అడ్మిన్", "12345" లాంటివి అరవై దాకా ఒక జాబితా పెట్టుకుని, ఇంటర్నెట్‌లో కనబడిన ప్రతి కెమెరా తలుపూ, డీవీఆర్ తలుపూ కొట్టింది. లక్షల్లో తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ దండంతా కలిసి, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే కంపెనీ మీద పడితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలపాటు చాలామందికి తెరుచుకోలేదు. ఇళ్లకు కాపలా కాయాల్సిన కెమెరాలు అలా ఊరి మీద పడ్డాయి.

కాబట్టి మీ అబ్బాయికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. పెట్టినతను ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చమనండి. ఆ టెక్నీషియన్‌కి కూడా అది తెలియకూడదు. నేనూ ఆ పనే చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, మాలో చాలామందిమి అన్ని ఇళ్లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి వస్తాం, మళ్లీ పిలిస్తే సులువని. యాప్‌లో రెండంచెల వెరిఫికేషన్ ఉంటే ఆన్ చేయమనండి. కెమెరాకూ రికార్డర్‌కూ అప్‌డేట్లు వస్తే వేయించమనండి. ఏళ్ల తరబడి అప్‌డేట్ ఇవ్వని కంపెనీ కెమెరా అయితే మార్చేయడమే మంచిది.

ఇక హాల్లో కెమెరా. అది మీకు ఇష్టమేనా? అబ్బాయి బాధపడతాడని ఊరుకున్నారా? గుమ్మం దగ్గరిది చాలు అనిపిస్తే ఆ మాట అనేయండి. లేదా మీరు కూర్చునే చోటు కనబడకుండా నల్లటి మాస్క్ పెట్టుకునే సదుపాయం చాలా డిజిటల్ కెమెరాల్లో ఉంటుంది. నేనైతే హాల్లోది గోడవైపు తిప్పేసేవాణ్ని.

మీకు నచ్చే సంగతి ఒకటి. ఇంటి గుమ్మానికి కెమెరా పెట్టాలన్న ఆలోచనకు తొలి పేటెంట్లలో ఒకటి ఒక నర్సుది. అమెరికాలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే ఆవిడ, భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో దరఖాస్తు పెట్టి 1969లో పేటెంట్ తెచ్చుకుంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కన్నాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ. వేళగాని వేళ ఎవరో తలుపు కొడితే లేచి వెళ్లకుండానే చూడాలని ఆవిడ కోరిక. తలుపు తీసే మీట కూడా ఆవిడ చేతిలోనే ఉండేది.

ప్రశ్న: గోడల్లో పాత కోయాక్సియల్ కేబుల్ ఉంది. గోడలు పగలగొట్టకుండా డిజిటల్‌కి మారే దారి ఉందా సర్? కొత్తగా లాగితే ఏ కేబుల్ లాగాలి?

జవాబు: రెండు దారులున్నాయి. ఒకటి, పాత కేబుల్ మీదే హెచ్‌డీ బొమ్మ పంపే టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ రకం కెమెరాలు. ఇవీ అనలాగే, కానీ కొత్త తరం అనలాగ్. 1080పీ, అంతకు మించి కూడా ఇస్తాయి. కెమెరా, రికార్డర్ మారిస్తే చాలు. "అనలాగ్ అంటే మసక" అని నేను పైన అన్నది పాత రకం గురించే, వీటి గురించి కాదు. రెండోది, కోయాక్సియల్ మీద ల్యాన్ సిగ్నల్ నడిపే కన్వర్టర్లు. రెండు చివరలా ఒక్కో డబ్బా పెట్టాలి. నిజంగా గోడ ముట్టుకోలేని చోట అవి వాడాను, బాగానే పనిచేశాయి. కాకపోతే చెడిపోవడానికి రెండు డబ్బాలు అదనంగా తగిలాయి.

కొత్తగా లాగే అవకాశం ఉంటే మాత్రం ల్యాన్ కేబులే లాగండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కారణం బొమ్మ కాదు, కరెంటు.

పాత పద్ధతిలో ప్రతి కెమెరాకూ 12 వోల్టుల కరెంటు వైరు వేరేగా పోవాలి. పగలంతా చక్కగా ఉండి చీకటి పడగానే ఆగి ఆగి వచ్చే కెమెరా గురించి నెలకో ఫోనైనా వచ్చేది. ఇంటివాళ్లు దెయ్యం అనుకునేవాళ్లు. సంగతేమిటంటే, చీకటి పడగానే కెమెరా చుట్టూ రాత్రి చూపు కోసం ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలుగుతాయి, ఎక్కువ కరెంటు లాగుతాయి. సన్నటి పొడుగు వైరులో వోల్టేజీ పడిపోతుంది. కెమెరా చచ్చి, ఐఆర్ ఆరిపోయి, మళ్లీ వోల్టేజీ పెరిగి, బతికి, మళ్లీ చచ్చి... తెల్లారేదాకా ఇదే. పీఓఈ వచ్చాక ఈ బాధ దాదాపు పోయింది. ఒకే ల్యాన్ కేబుల్లో డేటా, కరెంటు రెండూ పోతాయి. 2003 నాటి మొదటి ప్రమాణం ప్రకారమే ఒక పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, అదీ 48 వోల్టుల దగ్గర, కాబట్టి దూరం పోయినా నష్టం తక్కువ. మాటలు వినే మైకు, కెమెరాను తిప్పే ఆదేశాలు కూడా ఆ ఒక్క కేబుల్లోనే. ఈ కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కి ఒక యూపీఎస్ పెడితే కరెంటు పోయినా కెమెరాలన్నీ బతికే ఉంటాయి.

రెండు జాగ్రత్తలు. ల్యాన్ కేబుల్ ఒక ముక్క 100 మీటర్లు దాటకూడదు, అంతకు మించితే మధ్యలో స్విచ్ పెట్టాలి. దూరం విషయంలో పాత కోయాక్సియల్‌దే పైచేయి, అది 200 మీటర్లు అవలీలగా పోయేది. ఇక, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉన్న కేబుల్ అంటగడతారు. కొన కత్తిరించి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే వెనక్కి పంపండి.

ప్రశ్న: ఎనిమిది డిజిటల్ కెమెరాలకు నెల రోజుల రికార్డింగ్ కావాలి. ఎంత హార్డ్‌డిస్క్ పెట్టాలి?

జవాబు: కెమెరా సెట్టింగ్‌లో బిట్‌రేట్ అని ఉంటుంది. అది సెకనుకు 4 మెగాబిట్లు అనుకుంటే రోజుకు 43 జీబీ అవుతుంది. ఎనిమిది కెమెరాలు, ముప్పై రోజులు: 10 టీబీ దాటుతుంది. గుండె ఆగిందా? వీడియోను కుదించే పద్ధతుల్లో హెచ్.264 బదులు, 2013లో వచ్చిన హెచ్.265 ఎంచుకుంటే దాదాపు అంతే నాణ్యత సుమారు సగం చోటులో వస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమంటే ఇంకా తగ్గుతుంది. నేనైతే గేటు కెమెరాను 24 గంటలూ, మిగతావాటిని కదలిక మీద పెట్టేవాణ్ని. కంప్యూటర్లో మిగిలిపోయిన పాత హార్డ్‌డిస్క్ మాత్రం వాడకండి. ఇరవై నాలుగు గంటలూ రాస్తూ ఉండటం దానికి అలవాటు లేని పని. సీసీ కెమెరాల కోసమే చేసినవి ఉంటాయి.

ప్రశ్న: కదలిక అలర్ట్ పెడితే రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంది. చూస్తే ఏమీ ఉండదు. కొత్తవాటిలోనూ ఇంతేనా?

జవాబు: సాలీడు. తొంభై పాళ్లు సాలీడే. ఐఆర్ వెచ్చదనానికీ, వెలుగుకి వచ్చే పురుగులకీ అది లెన్స్ ముందే కాపురం పెడుతుంది. పాత డీవీఆర్‌కు తెలిసిందల్లా "ఇందాకటి చుక్కలకూ ఇప్పటి చుక్కలకూ తేడా ఉంది" అని మాత్రమే. సాలీడైనా, చెట్టు నీడైనా, దొంగైనా దానికి ఒకటే. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి ఇది మనిషి, ఇది బండి అని వేరుచేసే తెలివి లోపలే ఉంటుంది. తెర మీద గీత గీసి, మనిషి దీన్ని దాటితేనే చెప్పు అనవచ్చు. వెతకడం కూడా మారింది. ఆరు గంటల రికార్డింగ్‌ను కళ్లు కాయలు కాచేలా చూడకుండా, మనుషులు వచ్చిన ముక్కలే తీయమని అడగవచ్చు. నన్నడిగితే డిజిటల్ వల్ల ఒరిగిన అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే, మెగాపిక్సెల్స్ కాదు. అయినా వారానికోసారి చీపురు కట్టెతో సాలెగూడు దులపండి.

ప్రశ్న: మా షాపు ముందు గొడవ జరిగింది. రికార్డింగ్ తీసుకెళ్తే, టైము తప్పుగా ఉంది, ఇది ఆ గొడవే అని ఎలా నమ్మాలన్నారు. ఏం చేయాలి?

జవాబు: నెట్‌కు తగిలించని డీవీఆర్ గడియారం చవక గోడ గడియారం లాంటిది, పట్టించుకోకపోతే జరిగిపోతుంది. నేను చూసినవాటిలో ఒకటి 47 నిమిషాలు వెనకుంది. ఇప్పుడు కంగారుపడి టైము సరిచేయకండి. ముందు డీవీఆర్ తెర మీది టైమూ, మీ ఫోన్లో టైమూ పక్కపక్కన కనబడేలా ఒక ఫొటో తీయండి. తేడా ఎంతో కాగితం మీద రాసి పెట్టండి. ఆ తర్వాత ఫైలును రికార్డర్ ఇచ్చే సొంత ఫార్మాట్‌లో కాపీ తీయండి. టీవీ తెరను ఫోన్‌తో వీడియో తీసి ఇస్తే ఎవరూ లెక్కచేయరు. ఇదంతా అయ్యాకే గడియారం దిద్దండి. నెట్‌కు తగిలించిన ఐపీ కెమెరాలు, ఎన్‌వీఆర్ అయితే ఎన్‌టీపీ అనే పద్ధతిలో వాటంతట అవే టైము సరిచూసుకుంటాయి. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం మీరే చూడాలి.

ప్రశ్న: ఐపీ కెమెరాలకు మారాం. బొమ్మ అద్భుతం. కానీ గేటు దగ్గర బండి ఆగిన సెకనుకు గానీ తెర మీద ఆగదు. పాతవాటిలో ఇలా లేదు. ఏదైనా లోపమా?

జవాబు: లోపం కాదు. కెమెరా బొమ్మను కుదించాలి, పంపాలి, అటువైపు విప్పాలి. దానికి ఆ మాత్రం టైము పడుతుంది. అనలాగ్‌లో ఈ పనులేవీ లేవు కాబట్టి జరుగుతున్నది జరుగుతున్నట్టే కనబడేది. చూస్తూ ఏదైనా నడపాల్సిన చోట, ఉదాహరణకు ఆటోమేటిక్ గేటు మూసే బటన్ దగ్గర, ఆ సెకను ప్రమాదమే. అక్కడ పాత కెమెరాను వదిలేయండి.

ప్రశ్న: మార్చాక తీసేసిన పాత సామాను ఏం చేయాలి? మీరేం చేశారు?

జవాబు: డీవీఆర్‌లోంచి హార్డ్‌డిస్క్ తీసి ఉంచుకోండి లేదా పూర్తిగా చెరిపేయించండి. మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు వచ్చి పోతారో నెలల తరబడి అందులో ఉంటుంది. మిగతావి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

నేను ఒక్కటి దాచుకున్నాను. సెన్సర్ చిప్పులు రాకముందు నాటి గాజు ట్యూబు కెమెరా. ఒక ఆఫీసు మెట్ల మీద ఏళ్ల తరబడి కదలకుండా ఉండేది. నా మొదటి ఏడాదిలో దాన్ని విప్పి తెచ్చింది నేనే. ఆ ట్యూబులకు ఒక జబ్బు ఉండేది, ఎప్పుడూ ఒకటే చూస్తే ఆ బొమ్మ లోపల ముద్ర పడిపోయేది. ఇప్పటికీ కరెంటిచ్చి కిటికీ వైపు తిప్పితే చెట్టు కనబడుతుంది, ఆ చెట్టు మీద లేతగా తొమ్మిది మెట్లు, పక్కన కమ్మీల రెయిలింగ్.